ఏ ముద్ర ఏం చెప్తుంది: హైదరాబాద్‌లో మటన్, మన పంట సరుకు చూసి కొనే పద్ధతి

"మంచి మటన్ ఎక్కడ దొరుకుతుంది?", "ప్యాకెట్ మీద తాండూరు కందిపప్పు అని ఉంది, నమ్మొచ్చా?", "నాటుకోడి అని చెప్పి రెట్టింపు తీసుకున్నారు, అది నాటుదేనా?" ఈ మూడు ప్రశ్నలు ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందరికీ కావాల్సింది ఒక దుకాణం పేరు. నేను పేరు చెప్పను. ఈ ఆదివారం బాగున్న దుకాణం వచ్చే ఆదివారం అలాగే ఉంటుందని ఏముంది? చూసి కొనడం వస్తే మీ వీధి చివరి దుకాణంలోనే పని అయిపోతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ విషయంలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. మన ప్రాంతపు మాంసం, పంట బాగుండాలని, జనానికి సరిగ్గా అందాలని పనిచేసే ప్రభుత్వ సంస్థలు చాలావరకు ఇక్కడే ఉన్నాయి. రైతు బజార్లు నడిపే మార్కెటింగ్ శాఖ, చెంగిచెర్లలో మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ, రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ, చిరుధాన్యాల సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం, అడవి సరుకు అమ్మే గిరిజన సహకార సంస్థ. వీళ్ల పనంతా చివరికి మన చేతికి ఒక ముద్రగానో, బోర్డుగానో, ప్యాకెట్ మీద నంబరుగానో వస్తుంది. అయితే ఒక్కో ముద్ర ఒక్క విషయానికే హామీ ఇస్తుంది, మిగతా వాటికి ఇవ్వదు. జనం మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒక ముద్ర కనిపించగానే అన్నీ బాగున్నట్టే అనుకుంటారు.

కావాల్సినవి

మాంసానికి మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బా, కూరగాయలకు వేరే సంచి. ఇల్లు దూరమైతే రెండు ఐస్ ప్యాకులు పెట్టిన కూల్ బ్యాగు. సీలు తీయని కిలో ఉప్పు ప్యాకెట్ ఒకటి, ఎందుకో కింద చెప్తాను. ఫోన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్. కొంచెం చిల్లర. వీటన్నిటికంటే ముఖ్యంగా తొందర లేని ఒక ఉదయం. పదకొండు గంటలకు, చుట్టాలు ఇంటికి వచ్చాక, క్యూలో నిలబడి ఏదీ చూసి కొనలేరు.

1. ముందు ముద్రల లెక్క తెలుసుకోండి

మున్సిపల్ ముద్ర: కబేళాలో పశువైద్యుడు జీవాన్ని కోయక ముందు, కోశాక పరీక్ష చేసి, తినడానికి పనికొస్తుందని వేసే సిరా ముద్ర. జీవం రోగం లేనిదని మాత్రమే చెప్తుంది. అది మేకా గొర్రా, లేతదా ముదురుదా, తెలంగాణదా రాజస్థాన్‌దా అనేది చెప్పదు. ముద్ర పడ్డాక దుకాణంలో ఎన్ని గంటలు వేలాడిందో అసలే చెప్పదు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు: 14 అంకెలు ఉంటాయి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. ఆ తర్వాత రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36. అంటే మన రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు 136తో, రిజిస్ట్రేషన్ 236తో మొదలవుతుంది. కేంద్ర లైసెన్సు అయితే 100తో మొదలవుతుంది. ఈ నంబరు ఉంటే ఆ వ్యాపారి లెక్కల్లో ఉన్నాడని అర్థం, అంతే. సరుకు నాణ్యతకు సర్టిఫికెట్ అని చాలామంది అనుకుంటారు, కాదు. యాప్‌లో నంబరు కొట్టి, వచ్చిన పేరు, చిరునామా ప్యాకెట్ మీద ఉన్నవేనా చూడండి. వేరే వాళ్ల నంబరు అచ్చు వేసుకున్న సరుకు అక్కడే దొరికిపోతుంది.

జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు: ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలో పండింది లేదా వండింది అని చెప్తుంది. దీనికి 2018 నుంచి దేశమంతటికీ ఒకే లోగో ఉంది, దాని కింద 'అతుల్య భారత్ కీ అమూల్య నిధి' అని ఉంటుంది. ఊరి పేరు ఎవరైనా అచ్చు వేసుకోగలరు, లోగో వాడే హక్కు మాత్రం నమోదైన వాళ్లకే.

అగ్‌మార్క్: వ్యవసాయ సరుకు గ్రేడు చెప్తుంది. తేనె, నెయ్యి, పసుపు, కారం లాంటి వాటి మీద చూడాల్సింది ఇదే. 1937 చట్టం నుంచి ఉన్న పాత ముద్ర, ఈ మధ్య దీన్ని పట్టించుకునేవాళ్లే తగ్గిపోయారు.

రైతు బజార్ ధరల బోర్డు: ఆ రోజు రేటు చెప్తుంది. తాజాదనం మీ కళ్లతో మీరే చూసుకోవాలి.

2. రైతు బజార్‌తో మొదలు పెట్టండి, మాంసం ఆఖర్న

రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం, ఫలక్‌నుమా, అల్వాల్, మీర్‌పేట, ఇలా మీకు దగ్గర్లో ఏదో ఒకటి ఉంటుంది. వారపు సెలవు ఎప్పుడో ముందే కనుక్కుని బయల్దేరండి.

లోపలికి వెళ్లగానే బోర్డు ముందు ఆగి ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. ఆ రేట్లు రోజూ పొద్దున హోల్‌సేల్ ధర, బయటి చిల్లర ధర రెండూ చూసి మధ్యలో పెట్టేవి. రైతుకు మండీ కంటే ఎక్కువ రావాలి, మనకు బయటి కంటే తక్కువ పడాలి, ఉద్దేశం అదే. బోర్డు కంటే ఎక్కువ చెప్తే బేరం ఆడక్కర్లేదు. "అమ్మా, బోర్డు మీద ఇంతే ఉంది కదా" అంటే చాలు. ఇంకా కుదరకపోతే బజార్ చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ గది అక్కడే ఉంటుంది.

ఇక్కడ జరిగే పొరపాటు గేటు బయట కొనడం. గేటుకు ఆనుకుని ఉన్న బండ్లు రైతు బజార్‌వి కావు, బోర్డు రేటు వాటికి వర్తించదు. లోపల కూడా అందరూ రైతులే అనుకోవద్దు. రైతులకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తారు, కార్డు ఉన్నవాళ్ల దగ్గర ముందు చూడండి. తేలికగా గుర్తుపట్టాలంటే, సొంత చేను సరుకు తెచ్చిన వాళ్ల ముందు రెండు మూడు రకాలే ఉంటాయి, అవీ ఒకే సైజులో ఉండవు. బీన్స్, క్యారెట్, క్యాప్సికం, ఆపిల్ అన్నీ వరసగా పేర్చిన దుకాణం మండీ నుంచి వచ్చిన సరుకు. అందులో తప్పేం లేదు, కాకపోతే మీరు రైతు దగ్గర కొంటున్నామని అనుకోవద్దు.

ఆకుకూరలకు పొద్దున్నే వెళ్లండి. గోంగూర, తోటకూర కట్ట మొదలు దగ్గర తాకి చూడండి, నీళ్లు చల్లి మెరిపించిన కట్ట పైన నిగనిగలాడుతూ లోపల జిగురుగా ఉంటుంది. పచ్చి కందికాయ చలికాలంలో వస్తుంది, వదలకండి.

తూకం సంగతి. కొంచెం అనుమానంగా ఉంటే మీ ఉప్పు ప్యాకెట్ కాటా మీద పెట్టమనండి. కవరు బరువు కలిపి కిలోకు నాలుగైదు గ్రాములు ఎక్కువ చూపించాలి. తొమ్మిది వందల చిల్లర చూపిస్తే కాటా తప్పు. పదకొండు వందలు చూపిస్తే మీ కూరగాయలు వంద గ్రాములు తగ్గినట్టే. దీనికి గొడవ అక్కర్లేదు, నవ్వుతూనే అడగొచ్చు. కాటా మీద తూనికలు కొలతల శాఖ సీలు, ఏ సంవత్సరం తనిఖీ చేశారో ఉండాలి.

3. మటన్ దుకాణం దగ్గర

అసలు పని ఇక్కడే, నిదానంగా చదవండి.

మొదట, ముద్ర చూపించమని అడగండి. ముద్ర ఎక్కువగా తొడ మీద, వీపు పక్కన ఉంటుంది. "భాయ్, ముద్ర ఉన్న తొడ ఏది, ఒకసారి చూపించండి" అంటే చూపించాలి. "ఆ ముక్క పొద్దున్నే అయిపోయింది" అనే మాట చాలా దుకాణాల్లో వింటారు. నిజం కూడా కావచ్చు. అప్పుడు ఇంకో జీవం వేలాడుతుంటే దాని మీద చూడండి, ఏ దాని మీదా లేకపోతే వెనక్కి రండి. దుకాణం వెనకే కోసినదైతే దాన్ని ఏ డాక్టరూ చూడలేదని అర్థం. లివర్‌లో పురుగు ఉన్నా, జీవానికి జ్వరం ఉన్నా పట్టుకునేది ఆ పరీక్షే, వంటింట్లో మనకు తెలియదు. రోజూ వచ్చేవాళ్లలో పదిమంది అడగడం మొదలు పెడితే ముద్ర ఉన్న ముక్కను ఆఖరి దాకా ఉంచుతారు, అందుకే మొహమాట పడకుండా అడగమంటున్నాను. ముద్ర సిరా గురించి భయం వద్దు, ఇష్టం లేకపోతే ఆ పొర గీకేయండి.

రెండోది, మేకా గొర్రా. మన దగ్గర మటన్ అంటే రెండూ. రెండూ మంచివే, కాకపోతే మేక ధర పెట్టి గొర్రె తెచ్చుకోకూడదు. గొర్రెకు చర్మం కింద తెల్లని, గట్టి కొవ్వు పొరలా పరుచుకుని ఉంటుంది. మేకకు పైన కొవ్వు తక్కువ, ఉన్నదంతా కడుపులో మూత్రపిండాల చుట్టూ చేరుతుంది. మేక మాంసం పైన తాకితే వేళ్లకు కొంచెం అంటుకుంటుంది, అందుకే దాని మీద వెంట్రుకలు కూడా అతుక్కుని కనిపిస్తాయి. తోక ఉంచి వేలాడదీస్తే ఇంకా సులువు, మేక తోక పొట్టిగా పైకి లేచి ఉంటుంది, గొర్రెది కిందికి వాలి ఉంటుంది. ముక్కలు కొట్టి కుప్ప పోశాక మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టం. అందుకే కుప్పలోంచి కొనొద్దు.

మూడోది, లేతా ముదురా. పక్కటెముకలు చూడండి. లేత జీవానికి అవి సన్నగా, గుండ్రంగా, ఎర్రటి చాయతో తడిగా ఉంటాయి. ముదిరిన దానికి వెడల్పుగా, చదునుగా, తెల్లగా పొడిబారి ఉంటాయి. బిర్యానీకి, వేపుడుకు లేతది. దాల్చాకు, పులుసుకు, బొక్కల చారుకు కొంచెం వయసున్నదే రుచి. అన్నిటికీ లేతదే కావాలని పట్టుపట్టడం వల్ల డబ్బు దండగ, పులుసుకు చిక్కదనమూ రాదు.

నాలుగోది తాజాదనం. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. పైన కొద్దిగా తడి ఉండొచ్చు, జిగట ఉండకూడదు. రంగు ముదురు గోధుమకు తిరిగినా, కొవ్వు అంచులు పసుపు పచ్చగా మారినా వదిలేయండి. ఎర్ర బల్బు కింద అన్ని మాంసాలూ తాజాగానే కనిపిస్తాయి, ముక్కను బయటి వెలుతురులోకి తెమ్మనండి.

కీమా విషయంలో ఒకటే నియమం: ముక్క మీరు ఎంచుకోవాలి, మిషన్‌లో మీ ముందే వేయాలి, అంతకు ముందు మిషన్‌లో మిగిలింది తీసేయించాలి. ముందే కొట్టి ట్రేలో పెట్టిన కీమాలో ఏం కలిసిందో చెప్పడం ల్యాబ్ పని.

తూకానికి ముందే కిడ్నీ చుట్టూ కొవ్వు, పనికిరాని పొరలు తీసేయమనండి. తూచాక తీస్తే వాటికి కూడా డబ్బు ఇచ్చినట్టే. బోటి, తలకాయ, కాళ్లు కొనేవాళ్లు వాటికి వేరే కవరు అడగండి, మాంసంతో కలపనివ్వొద్దు.

ఇక "మన తెలంగాణ గొర్రె కావాలి" అనే వాళ్లకు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలోనే మొదటి స్థానం తెలంగాణది, కోటీ 90 లక్షలకు పైగా. అయినా నగరంలోని జియాగూడ గొర్రెల, మేకల మండీకి రాజస్థాన్, మహారాష్ట్ర నుంచి కూడా లారీల్లో జీవాలు వస్తాయి, ఎందుకంటే ఈ నగరం అంత తింటుంది. కాబట్టి ముద్ర ఉన్నంత మాత్రాన అది మన పల్లె గొర్రె కాదు. నిజంగా కావాలంటే పండక్కో, ఫంక్షన్‌కో నలుగురు కలిసి ఊళ్లో గొల్లకురుమల దగ్గర జీవాన్ని చూసి కొని, కబేళాలో పరీక్ష చేయించి కోయించుకోవడమే దారి. నల్లగా, బొచ్చుతో ఉండే దక్కనీ గొర్రె, అదే గొంగడి నేసే ఉన్ని ఇచ్చేది, తగ్గిపోతూ వస్తోంది. నెల్లూరు పొట్టేళ్లతో కలిపేస్తున్నారు, మాంసం ఎక్కువ వస్తుందని. దొరికినప్పుడు అడిగి కొనేవాళ్లు ఉంటేనే పెంచేవాళ్లు పెంచుతారు.

సెలవుల సంగతి మర్చిపోవద్దు. గాంధీ జయంతి, మహావీర్ జయంతి లాంటి రోజుల్లో కబేళాలు మూసేస్తారు. 2025లో దసరా అక్టోబర్ 2నే వచ్చింది. అలాంటి రోజున "ఇప్పుడే కోసింది" అని ఎవరైనా అమ్మితే అది ముద్ర లేనిదే అయి ఉండాలి. ముందు రోజు కొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు: ప్యాకింగ్ తేదీ, వాడాల్సిన గడువు, నికర బరువు, 14 అంకెల నంబరు నాలుగూ ఉండాలి. ప్యాకెట్ చేతికి చల్లగా తగలాలి. అడుగున ఎర్ర నీళ్లు నిలిచి, ముక్కలు తేలుతుంటే తిప్పి పంపండి, చాలావరకు అది ఒకసారి గడ్డకట్టి కరిగిన సరుకు.

4. నాటుకోడి

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే రకాలు తయారు చేసింది. పెరట్లో పెంచుకోవడానికి, రంగు ఈకలతో, నాటుకోడిలాగే తిరిగే కోళ్లు. పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ కూడా అలాంటిదే. పల్లెల్లో ఎంతోమందికి వీటి వల్ల గుడ్లు, డబ్బు రెండూ వస్తున్నాయి, ఇవి నకిలీవి కావు. కానీ నాటుకోడి కంటే త్వరగా బరువు పెరుగుతాయి కాబట్టి నాటు ధర వీటికి ఇవ్వక్కర్లేదు. ఏ రకమో చెప్పి అమ్మేవాళ్ల దగ్గర నిశ్చింతగా కొనండి.

గుర్తుపట్టడం ఎలాగంటే: అసలు నాటుది కిలో, కిలోంపావుకు రావడానికి ఐదారు నెలలు పడుతుంది. కాళ్లు పొడుగ్గా సన్నగా, రొమ్ము ఎముక కొంచెం పొడుచుకొచ్చినట్టు, ఒళ్లు బిగువుగా ఉంటుంది. పుంజుకు కాలి వెనక ముల్లు బాగా ఎదిగి ఉంటుంది. అదే వయసు తక్కువ కోడి అయితే రెండు కిలోలు ఉన్నా ముల్లు చిన్న బొడిపెలాగే ఉంటుంది. బరువు ఎక్కువ, ముల్లు చిన్నది అంటే నాటుది కాదు. కోసి, కాల్చి, పసుపు రాశాక ఈ తేడాలేవీ కనిపించవు, ప్రాణంతో ఉన్నప్పుడే చూసుకోండి.

5. ప్యాకెట్ సరుకు

తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ వచ్చింది. ఆ నేలలో ఉండే ఒక రకం బంకమట్టి వల్ల పప్పు త్వరగా ఉడుకుతుంది, వాసన బాగుంటుంది, ఎక్కువ రోజులు నిలవుంటుంది. ప్యాకెట్ మీద 'తాండూరు' అన్న మాట చూడొద్దు. లోగో, తయారీదారు చిరునామా, అది వికారాబాద్ జిల్లా రైతుల సంఘమా కాదా చూడండి. నూనె రాసి మెరిపించిన పప్పు వద్దు, కొంచెం మసకగా ఉన్నదే మంచిది. ఇంట్లో పరీక్ష సులువు. చెంచాడు పప్పు గోరువెచ్చని నీళ్లలో వేసి కదపకుండా ఉంచండి, పసుపు రంగు చారల్లా దిగితే రంగు వేసినట్టు. గింజల్లో మూల తెగినట్టు, గొడ్డలి మొనలా ఉన్నవి కనిపిస్తే అవి కల్తీకి కలిపే కేసరి పప్పు.

తెలంగాణ సోనా బియ్యం అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన రకం. షుగర్ ఉన్నవాళ్లు దీని కోసమే అడుగుతారు, దీని గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే లెక్క) సుమారు 51 అని పరీక్షల్లో తేలింది కాబట్టి. బస్తా మీద రకం నంబరు ఉండాలి. 'సోనా మసూరి' వేరే, పేరులో సోనా ఉందని తెచ్చుకోవద్దు. ఇంకో మాట, తక్కువ ఇండెక్స్ అంటే రెండు ప్లేట్లు తినొచ్చని కాదు.

వరంగల్ చపాటా మిరపకు 2025లో జీఐ వచ్చింది. లావుగా, ముదురు ఎరుపుగా, కారం తక్కువగా ఉండే కాయ, పచ్చడికి రంగు తెచ్చేది ఇదే. పొడి కొనకండి, కాయ కొని పట్టించుకోండి. పొడే కొనాల్సి వస్తే గ్లాసు నీళ్ల మీద చిటికెడు చల్లి చూడండి, రంగు వెంటనే చారలుగా దిగితే పనికిరాదు.

తేనె గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతుంది, సీసా మీద అగ్‌మార్క్ చూడండి. నీళ్లలో చుక్క వేయడం, అగ్గిపుల్ల వెలిగించడం లాంటి పరీక్షల మీద ఆధారపడొద్దు, చక్కెర పాకం కూడా వాటిని దాటేస్తుంది. చలికాలంలో గడ్డకట్టిందని పారేసేవాళ్లు ఉన్నారు, అయ్యో, అది కల్తీ కాదు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా పెడితే కరుగుతుంది.

పాల విషయంలో ఒక గందరగోళం. నగరంలో 'విజయ' పేరుతో రెండు వేర్వేరు సహకార సంస్థల పాలు అమ్ముతారు, ఒకటి తెలంగాణ డెయిరీ, ఇంకొకటి కృష్ణా జిల్లా పాల సంఘానిది. మీకు ఏది కావాలో ప్యాకెట్ వెనక సంస్థ పేరు చదివి తీసుకోండి.

రంజాన్‌లో హలీమ్: హైదరాబాద్ హలీమ్‌కు 2010లో జీఐ వచ్చింది, మన దేశంలో మాంసం వంటకానికి అదే మొదటిది. ఆ నమోదు మేక మాంసం, గోధుమ, నెయ్యితో భట్టీ మీద గంటల తరబడి ఉడికించిన దానికి. చికెన్ హలీమ్ కూడా రుచిగా ఉండొచ్చు గానీ, ఆ జీఐ దానికి వర్తించదు.

6. ఇంటికి తెచ్చాక

తాజాగా కోసిన మాంసం కొన్ని గంటల్లో బిగుసుకుంటుంది, తర్వాత మెల్లగా మెత్తబడుతుంది. బిగుసుకున్న సమయంలో వండితే ఎన్ని విజిల్స్ వచ్చినా నారలాగే ఉంటుంది, జనం జీవం ముదురుదని దుకాణదారుని తిడతారు. వీలైతే ముందు రోజు కొని, 4 డిగ్రీల లోపు ఉండే ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి వండండి. తెచ్చిన వెంటనే వెచ్చగా ఉన్నదాన్ని ఫ్రీజర్‌లో పడేయకండి, అలా చేస్తే శాశ్వతంగా గట్టిపడుతుంది. ముందు ఫ్రిజ్, మర్నాడు ఫ్రీజర్. అదే రోజు వండక తప్పకపోతే పెరుగు, కొంచెం పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి గంటసేపు ఉంచండి. బొప్పాయి ఎక్కువైతే ముక్క పిండిలా అవుతుంది, కిలోకు ఒకటిన్నర చెంచా దాటొద్దు.

మాంసం ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింద అరలో, మూత పెట్టి. పూటకు సరిపడా భాగాలు చేసి గడ్డకట్టించండి. కరిగించేటప్పుడు ముందు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి, గట్టు మీద పెట్టి వదిలేయొద్దు. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు. పచ్చి కోడిని కుళాయి కింద కడిగితే చుట్టూ ఉన్న గిన్నెలన్నిటి మీదా తుంపర్లు పడతాయి, గిన్నెలో నెమ్మదిగా కడిగి ఆ చోటు సబ్బుతో తుడవండి.

సరిగ్గా కొన్నారో లేదో కూరే చెప్తుంది. మూత పెట్టి సన్న సెగ మీద ఉంచితే కొంచెం నీరు ఊరడం మామూలే. ముక్కలు మునిగేంత నీరు ఊరి, ముక్క సగానికి కుంచించుకుపోతే నీళ్లు పట్టించిన మాంసం అని అనుమానించాలి. కొవ్వు పైకి తేలి చల్లారాక తెల్లగా గట్టిగా పేరుకుంటే గొర్రెది అయ్యే అవకాశం ఎక్కువ. ఇలా రెండు మూడు వారాలు గమనిస్తే మీ దుకాణం ఎలాంటిదో మీకే తెలిసిపోతుంది.

7. తేడా వస్తే

బిల్లు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే కనీసం యూపీఐతో చెల్లించండి, తేదీ సమయం అందులో ఉంటాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ 1800112100, లేదా అదే యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు. తూకం, ధర, బిల్లు గొడవలకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ముద్ర లేని మాంసం గురించి అయితే మీ మున్సిపల్ కార్పొరేషన్ పశువైద్య విభాగానికి చెప్పండి, దుకాణం బోర్డు, వేలాడదీసిన జీవం ఫొటోలో కనిపించాలి.

చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారుడు తనే ఫీజు కట్టి సరుకును ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకోవచ్చు, లోపం ఉందని తేలితే ఆ ఫీజు తిరిగి వస్తుంది. షరతు ఏమిటంటే, పరీక్ష చేయించబోతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. చెప్పకుండా ఇంటికి తెచ్చి, సగం వాడి, మిగిలింది పట్టుకెళ్తే కుదరదు.

ఏ జంతువు మాంసమో అన్న అనుమానమే అయితే డీఎన్‌ఏ పరీక్షతో తేలుతుంది, చెంగిచెర్ల సంస్థలో ఆ పని చేసే ప్రయోగశాల ఉంది. వండిన ముక్కలో కూడా డీఎన్‌ఏ దొరుకుతుంది కాబట్టి కూర అయిపోయిందని వదిలేయకండి. ఉప్పు, పసుపు తగలని పచ్చి ముక్క మిగిలి ఉంటే ఇంకా మంచిది, శుభ్రమైన కవరులో వేసి, తేదీ, దుకాణం పేరు రాసి ఫ్రీజర్‌లో పెట్టి, అప్పుడు ఫోన్ చేయండి.